ఆకాశమే పలక

'అమ్మా, వానెక్కడ్నుంచి వస్తుంది?'... మాటలొచ్చిన ప్రతి చిన్నారీ ఏదో ఒకరోజు అడిగే ప్రశ్న ఇది. 'పైనుంచి' అనేసి పనిలో పడిపోతే అది అక్కడితో ఆగిపోతుంది. అదే, పిల్లల చేయి పట్టుకుని వాకిట్లో రెండు నిమిషాలు నిలబడితే ఓ పాఠం మొదలవుతుంది. దానికి పుస్తకం అక్కర్లేదు, ఫీజు అంతకన్నా లేదు. పైగా ఆ పాఠం ఏదో ఒకరోజు ప్రాణం కూడా కాపాడుతుంది!

మే నెల సాయంత్రం. అప్పటిదాకా మండిపోయిన ఎండ ఉన్నట్టుండి తగ్గింది. ఆకు కదలడం లేదు. పడమటి దిక్కున కాటుక పులిమినట్టు మబ్బు. అంతలోనే మట్టివాసన మోసుకుంటూ చల్లటి గాలి. అంతే... అమ్మ డాబా మీదికి పరుగు తీసింది. తీగ మీది బట్టలన్నీ లాగి భుజాన వేసుకుంది. 'వడియాలు... వడియాలు' అంటూ కిందనుంచి అమ్మమ్మ కేకలు. నాన్న బండిని షెడ్డులోకి తోశాడు. ఈ హడావుడినంతా కళ్లప్పగించి చూస్తున్న నాలుగేళ్ల బుజ్జిగాడికి ఒకటే సందేహం... 'ఇంకా వాన పడనేలేదు కదా, వస్తుందని వీళ్లందరికీ ఎలా తెలిసింది?'

చాలా మంచి ప్రశ్న. వాతావరణ శాస్త్రమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆకాశాన్ని చూడటం, గాలిని గమనించడం, నిన్నటిదాంతో పోల్చుకోవడం, రేపటిని ఊహించడం... ఆ ఇంట్లో పెద్దలంతా అప్పటికప్పుడు చేసింది అదే. కాకపోతే అది పిల్లాడికి విడమరిచి చెప్పే తీరిక ఎవరికీ లేదు. 'లోపలికి రా, తడిసిపోతావ్' అన్న మాటతో ఆ రోజు పాఠం ముగిసిపోయింది.

అలా ముగిసిపోకూడదు అనడానికి ఓ గట్టి కారణం ఉంది. మనదేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు బలవుతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగుపాటు మృతుల్లో ఎక్కువమంది పల్లెల వాళ్లు... పొలంలోనో, పశువుల వెంటో, వానకి తడవకూడదని చెట్టు కిందికి చేరో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు. ఉరుము వినగానే ఎటు పరుగెత్తాలన్నది ఆ క్షణంలో ఆలోచించుకునే విషయం కాదు. ఎక్కాలు వచ్చినట్టు నోటికి వచ్చి ఉండాలి. అంటే చిన్నప్పుడే నేర్పాలి. భయపెట్టి కాదు, అర్థమయ్యేలా.

మరి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మాటలతో మొదలు

మూడేళ్ల పాపకు నీటి ఆవిరి, పీడనం లాంటి మాటలు చెబితే ఏం అర్థమవుతుంది? ముందు చుట్టూ ఉన్నవాటికి పేర్లు చెప్పాలి. ఆ విషయంలో తెలుగు పిల్లలు అదృష్టవంతులు. ఇంగ్లిషు రైమ్ నేర్చుకున్న పిల్లలకి వాన అంటే 'రెయిన్' ఒక్కటే. మన దగ్గర వానకెన్ని పేర్లో! ఒక్కొక్కటిగా పడితే చినుకు. మొహం మీద చల్లినట్టుంటే తుంపర. కాసేపు కురిసి వెళ్లిపోతే జల్లు. రోజంతా సన్నగా పట్టి వదలకపోతే ముసురు. ఆగకుండా ధారలు కడితే జడివాన. కుండతో కుమ్మరించినట్టయితే కుంభవృష్టి. ఏడాదిలో మొదటిది తొలకరి. గాలికీ అంతే... పిల్లగాలి, ఈదురుగాలి, సుడిగాలి, వడగాలి. పొద్దున్నే ఒంటికి హాయిగా తగిలేది నీరెండ. గాలిలేక చెమటలు కారితే ఉక్కపోత.

ఇవి ఒట్టి పదాలు కావు. ఒక్కో పదం వెనక ఒక్కో పరిశీలన ఉంది. 'ఇది జల్లా, ముసురా?' అని అడిగితే చాలు, పిల్లలు కిటికీ దగ్గర నిలబడి చూడటం మొదలుపెడతారు. ఏ సైన్సుకైనా అదే తొలిమెట్టు.

ఇంకాస్త పెద్దపిల్లలైతే మరో తేడా చెప్పొచ్చు. ఇవాళ ఎండగా ఉందా, వానగా ఉందా అన్నది వాతావరణం. ఒక ఊళ్లో ఏళ్లతరబడి ఎండావానా ఎలా ఉంటున్నాయన్నది శీతోష్ణస్థితి. ఈ పూట వండిన కూర మొదటిదైతే, ఆ ఇంటి వంట పద్ధతి రెండోది. గుంటూరువారింట్లో ఒక పూట కారం తగ్గితే ఆ ఇంటి వంట చప్పగా ఉంటుందని అనేస్తామా? ఇదీ అంతే. ఒకరోజు చలేసిందని భూమి వేడెక్కడం లేదనుకుంటే పొరపాటే.

వంటింట్లో మబ్బు

వాన ఎలా పడుతుందో చూపించడానికి వంటిల్లే పెద్ద ప్రయోగశాల. ఇడ్లీలు ఉడికాక పాత్ర మూత తీసి అమ్మ తిప్పి చూపిస్తే... లోపలంతా బొట్లు బొట్లు. ఆ నీళ్లు అక్కడికెలా వచ్చాయి? కింద మరిగిన నీరు ఆవిరై పైకి వెళ్లింది. కాస్త చల్లగా ఉన్న మూతకి తగిలి మళ్లీ నీరైంది. బొట్టు బరువెక్కితే కిందికి జారింది. 'అదే వాన!' అంటే బుజ్జిగాడి కళ్లు పెద్దవవుతాయి. (ఆవిరి చురుక్కుమనిపిస్తుంది. కాబట్టి మూత తీసేది పెద్దవాళ్లే, పిల్లలు ఓ అడుగు దూరంలో నిలబడాలి.)

'మరి సముద్రం కింద పొయ్యి లేదుగా?' అంటాడు వాడు. అడగాలి కూడా! సూర్యుడే ఆ పొయ్యి. నీళ్లు సలసలా మరిగితేనే ఆవిరవ్వాలని లేదు. మరగకుండానే ఆరిపోతాయని తెలియాలంటే రెండు చేతిరుమాళ్లు తడిపి, ఒకటి ఎండలో గాలికి ఆరేయాలి. రెండోదాన్ని మడతపెట్టి నీడన ఉంచాలి. ఏది ముందు ఆరుతుందో పిల్లల్నే పందెం కాయమనాలి. ఎండా గాలీ కలిస్తే నీరు తొందరగా ఆవిరవుతుందన్న సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, రుమాలే చెబుతుంది.

మూడోది అన్నిటికన్నా సరదా. స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు వేసి ఎర్రటి షర్బత్ పోయాలి. కాసేపటికి గ్లాసు బయట చెమట పట్టినట్టు నీటిబొట్లు వస్తాయి. 'గ్లాసు కారుతోంది' అంటారు పిల్లలు. 'కారితే ఎర్రగా ఉండాలిగా?' అని తెల్లటి గుడ్డతో తుడిచి చూపిస్తే ఆలోచనలో పడతారు. ఆ నీళ్లు గ్లాసులోవి కావు, గాలిలోవి. గాలిలో కంటికి కనిపించని నీళ్లుంటాయన్న సంగతి అప్పుడు నమ్ముతారు. మబ్బంటే దూదీ కాదు, పొగా కాదు. పైకి వెళ్లి చల్లబడిన ఆవిరి, గాలిలోని సన్నటి ధూళి కణాల చుట్టూ చేరి ఏర్పడిన కోట్లాది నీటి తుంపరలు, మంచు పలుకులు. అవి ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కితే వాన.

గాలికో చిరునామా

గాలి కనపడదు. కానీ అది చేసే పని కనబడుతుంది. పిట్టగోడ మీద ఒక కర్ర నిలబెట్టి దానికి రంగు రిబ్బను కడితే చాలు, గాలి ఎటునుంచి ఎటు వీస్తోందో తెలిసిపోతుంది. అంతకన్నా ముందు దిక్కులు తెలియాలి కదా! పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబెట్టి 'నీ ముందున్నది తూర్పు, వీపు వెనకున్నది పడమర, ఎడమచేతి వైపు ఉత్తరం, కుడిచేతి వైపు దక్షిణం' అని చెబితే నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి.

గాలికి పేరు పెట్టే పద్ధతి ఒకటుంది. ఎటు వెళుతోందన్నది కాదు, ఎటునుంచి వచ్చిందన్నది ముఖ్యం. చుట్టాలు వచ్చినప్పుడు 'విజయవాడ మామయ్య' అన్నట్టే! నైరుతి నుంచి వచ్చేవి నైరుతి రుతుపవనాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు వానల్ని మోసుకొచ్చేది అవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వంతు. నెల్లూరు, చిత్తూరు వైపు పిల్లలకి దీపావళి దాటాక కూడా వానలు పడేది వాటివల్లే.

ఈ గాలులెందుకు వీస్తాయో విశాఖ బీచికి వెళ్లినప్పుడు చెప్పుల్లేకుండా నడిపిస్తే అర్థమవుతుంది. మధ్యాహ్నం ఇసుక కాళ్లు కాలుస్తుంది, నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి. నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. వేడెక్కిన నేల మీది గాలి తేలికై పైకి పోతే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. సాయంత్రం పూట బీచిలో మొహానికి తగిలే గాలి అదే. రాత్రయితే నేలే ముందు చల్లబడుతుంది కాబట్టి గాలి దారి మార్చుకుంటుంది. దీన్నే ఓ పెద్ద దేశమంత చేసి ఊహించుకుంటే... వేసవంతా కాగిన నేల మీదికి సముద్రం నుంచి తేమగాలి కదలి రావడమే రుతుపవనం వెనకున్న అసలు సంగతి.

వాననూ కొలవొచ్చు

'నిన్న మా ఊళ్లో ఏడు సెంటీమీటర్ల వాన పడింది' అని పేపర్లో చదివితే పిల్లలకి నవ్వొస్తుంది. పాలు లీటర్లలో, బియ్యం కిలోల్లో కొలుస్తారుగానీ వానని స్కేలుతో కొలవడమేంటి? ఆ సంగతి వాళ్లచేతే కనిపెట్టించొచ్చు.

వాడేసిన ప్లాస్టిక్ సీసా తీసుకోవాలి. పక్కలు నిటారుగా, నునుపుగా ఉన్నదైతే మంచిది. పెద్దవాళ్లు దాని మెడ భాగాన్ని కోసి, తలకిందులుగా అదే సీసాలో గరాటులా అమర్చాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి కొన్ని గులకరాళ్లు వేసి, సమంగా ఉన్నచోటి దాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టాలి. అక్కడినుంచి పైకి స్కేలు అతికిస్తే వానమాపకం సిద్ధం. చెట్టుకీ గోడకీ దూరంగా, గాలికి పడిపోకుండా రెండు ఇటుకల మధ్య పెట్టాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి చూసి రాసుకోవాలి. ఎనిమిదిన్నరకే ఎందుకంటే దేశమంతటా వాతావరణ శాఖ ఇరవైనాలుగు గంటల వానని లెక్క తీసేది ఆ సమయానికే. చూశాక నీటిని మళ్లీ సున్నా గీత దాకా తెచ్చుకోవాలి. వానల్లేని రోజుల్లో సీసాని బోర్లించి పెట్టాలి. లేదంటే వానమాపకం కాస్తా దోమల ఉయ్యాల అయిపోతుంది!

ఇక లెక్క. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల డాబా మీద పది మిల్లీమీటర్ల వాన పడిందంటే వెయ్యి లీటర్లు... ఇరవై లీటర్ల బిందెలతో యాభై బిందెలన్నమాట. ఆ నీరంతా ఎటు పోయిందని పిల్లలే అడుగుతారు. ఇంకుడుగుంత ఎందుకో అప్పుడు వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. మేఘాలయలోని మాసిన్రామ్‌లో పదకొండు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే అక్కడి పిల్లలు ఒక్క ఏడాదిలో చూసే వానని చూడాలంటే అనంతపురం పిల్లలకి ఇరవై ఏళ్లు కావాలి!

ఉష్ణోగ్రతని కొలవడమూ సరదానే. గోడకి తగిలించే థర్మామీటరు ఒకటి కొంటే సరి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు. దాన్ని ఎండలో పెడితే గాలి వేడిని కాదు, తను ఎంత కాగిందో చెబుతుంది. అందుకే నీడలో, గాలి ఆడేచోట ఉంచాలి. వాతావరణ కేంద్రాల్లో కూడా చిల్లులున్న తెల్లటి చెక్కపెట్టెలో, నేలకి నాలుగడుగుల పైచిలుకు ఎత్తున ఉంచుతారు. ఆ పెట్టెని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ ఎవరో కాదు, 'ట్రెజర్ ఐలాండ్' రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కి తండ్రే.

తాతయ్య లెక్క... మనవడి పట్టిక

కొలవడం వచ్చాక ఓ పాత క్యాలెండరు వెనకవైపు గళ్లు గీసి పిల్లలకి ఇచ్చేయాలి. రోజుకో బొమ్మ... సూర్యుడో, మబ్బో, గొడుగో. కింద వాన ఎన్ని మిల్లీమీటర్లో, ఎండ ఎన్ని డిగ్రీలో. రాత్రి పడుకునేముందు 'రేపెలా ఉంటుంది?' అని అడిగి, వాళ్లు చెప్పింది పెన్సిలుతో రాయించాలి. మర్నాడు సరిచూసుకోవాలి. తప్పితే ఏడవక్కర్లేదు. ఉపగ్రహాలూ రాడార్లూ ఉన్న వాతావరణ శాఖ అంచనాలే ఒక్కోసారి తప్పుతాయి. జోస్యానికీ అంచనాకీ ఉన్న తేడా అదే... అంచనా వేసినవాళ్లు తప్పిన లెక్కని కూడా రాసిపెట్టుకుంటారు, దాన్నుంచి నేర్చుకుంటారు.

ఈ ఆటలో తాతయ్యల్నీ అమ్మమ్మల్నీ కలుపుకుంటే ఇంకా బాగుంటుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల్ని ఒక్కో కార్తె అని, ఏడాదిని ఇరవై ఏడు కార్తెలుగా విభజించుకుని సేద్యం చేసినవాళ్లు వాళ్లు. రోహిణిలో రోళ్లు పగులుతాయని, మృగశిరలో చల్లబడుతుందని, ఆరుద్రలో పట్టుబట్టలాంటి ఎర్రటి పురుగులు కనిపిస్తాయని వాళ్లకి ఎవరూ పేపర్లో రాసి చెప్పలేదు.

చంద్రుడి చుట్టూ వెలుగు వలయం కనిపిస్తే 'వరదగుడి కట్టింది, వానొస్తుంది' అంటారు పెద్దలు. దాని వెనక శాస్త్రం ఉంది. చాలా ఎత్తులో పలచటి తెరలా పరుచుకున్న మబ్బుల్లోని మంచు పలుకుల గుండా వెన్నెల వంగి ప్రయాణించడం వల్ల ఆ వలయం వస్తుంది. అలాంటి మబ్బులు ఒక్కోసారి వానమబ్బులకు ముందు నడుస్తాయి. ఒక్కోసారి వాటి దారిన అవి పోతాయి. మరి తాతయ్య మాట ఎన్నిసార్లు నిజమైంది? వరదగుడి కనిపించిన రోజున పట్టికలో చిన్న సున్నా చుట్టి, తరవాత రెండు రోజుల్లో వాన పడిందో లేదో చూస్తే ఏడాది తిరిగేసరికి మనవడి దగ్గరే జవాబుంటుంది. పెద్దల మాటని కొట్టిపారేయకుండా, గుడ్డిగా నమ్మకుండా... పరీక్షించి చూడటం నేర్పడానికి ఇంతకన్నా మంచి మార్గం ఏముంది?

ఉరిమితే... లోపలికి!

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇది. ముందుగా సరిదిద్దాల్సిన మాట ఒకటుంది. 'మబ్బులు ఢీకొంటే ఉరుము' అని మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. అది నిజం కాదు. పెద్ద మబ్బు లోపల మంచు పలుకులు, చిన్నచిన్న వడగళ్లు ఒకదానికొకటి తగిలి రాపిడితో విద్యుత్తు పోగవుతుంది. ప్లాస్టిక్ దువ్వెనతో పొడిజుట్టు దువ్వి చిత్తుకాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అతుక్కుంటాయే... అలాంటిదే, కాకపోతే ఊహకందనంత పెద్దది. ఆ విద్యుత్తు ఒక్కసారిగా ప్రవహిస్తే మెరుపు. అది వెళ్లే దారిలో గాలి సూర్యుడి ఉపరితలం కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా వేడెక్కి, ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. బెలూన్ పగిలితే వచ్చే 'ఠాప్' లాంటిదే ఆ చప్పుడు. అదే ఉరుము. ఆ మెరుపు నేలని తాకితే పిడుగు.

ఉరుము వినిపిస్తే అర్జునుడి పేర్లు తలచుకోమనేవాళ్లు అమ్మమ్మలు. ఆ పేర్లు చదువుతుంటే పిల్లల గుండెదడ తగ్గేది. ఆ అలవాటుకే మరో ఆట జతచేయొచ్చు. మెరుపు కనిపించగానే ఒకటి... రెండు... మూడు... అని నెమ్మదిగా, సెకనుకొకటి చొప్పున లెక్కపెట్టాలి. వెలుగు కళ్లను వెంటనే చేరుతుంది. శబ్దం మాత్రం కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది. తొమ్మిది లెక్కపెట్టాక ఉరిమితే పిడుగు మూడు కిలోమీటర్ల దూరంలో పడిందన్నమాట. ముప్ఫై అంకెలోపే ఉరుము వినిపించిందంటే అది మన దగ్గరికీ రాగలదు. ఇంటి లోపలే ఉండాలి. చివరి ఉరుము విన్నాక ముప్ఫై నిమిషాల దాకా బయటికి రాకూడదు. ఈ లెక్క ఇంట్లో కూర్చుని ఆడేది. బయట ఉన్నప్పుడైతే లెక్కలు మానేసి, ఉరుము వినగానే లోపలికి పరుగెత్తడమే.

పిల్లలకి నాలుగు మాటలు నోటికి రావాలి. చెట్టు కింద నిలబడొద్దు. చెరువులో, కాలవలో ఉంటే వెంటనే బయటికి రావాలి. మైదానంలో ఆడుతుంటే ఆట ఆపేయాలి, ఎంత మంచి ఆటైనా సరే! పక్కా ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. ఇంట్లో ఉన్నా కిటికీ దగ్గర నిలబడటం, స్నానం చేయడం, తీగ ఉన్న ఫోను మాట్లాడటం, ఛార్జింగులో ఉన్న వస్తువుల్ని పట్టుకోవడం మంచిది కాదు. దగ్గర్లో ఏ నీడా లేకపోతే చెట్లకీ స్తంభాలకీ దూరంగా, ఒకరికొకరు ఎడంగా, పాదాలు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోవాలిగానీ నేల మీద పడుకోకూడదు.

పెద్దలకీ ఒక మాట. పిడుగుపాటుకు గురైన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నది అపోహే. ఆ శరీరంలో విద్యుత్తు నిలవ ఉండదు. వెంటనే ఊపిరి, గుండె చూసి ప్రథమచికిత్స చేస్తూ 108కి ఫోన్ చేస్తే బతికే అవకాశం ఉంటుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ ఫోన్లో ఉంటే చుట్టుపక్కల పిడుగులు పడే అవకాశాన్ని ముందే హెచ్చరిస్తుంది.

తుపానంటే భయమా?

తీరప్రాంతంలో పెరిగే పిల్లలకి తుపాను మాట కొత్త కాదు. టీవీలో అలలు ఎగసిపడుతుంటే వాళ్లు అమ్మ కొంగు పట్టుకుంటారు. అప్పుడు 'ఏం కాదులే' అని దాటేస్తే వాళ్ల భయం తగ్గదు. ఎందుకంటే పెద్దల మొహాల్లో ఆందోళన వాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. 'పెద్ద గాలి వస్తుందట, మనం ముందే సిద్ధమవుతున్నాం' అన్నది నిజం, ధైర్యం కూడా.

పేపర్లో వచ్చే మాటలకి అర్థం చెబితే సగం భయం పోతుంది. సముద్రం మీద గాలి ఒత్తిడి తగ్గి చుట్టూ మబ్బులు చేరితే అల్పపీడనం. అది బలపడి గాలి గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం. ఇంకా బలపడితే తీవ్ర వాయుగుండం. 62 దాటితే తుపాను... అప్పుడే దానికి పేరు పెడతారు. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో ఈ పద్ధతి 2004లో మొదలైంది. ఇప్పుడు పదమూడు దేశాలు ముందే ఇచ్చిన పేర్ల జాబితా ఉంది. 2014 అక్టోబరు 12న విశాఖని వణికించిన హుద్‌హుద్, తలమీద తురాయి ఉండే ఓ అందమైన పక్షి పేరు. పెట్టింది ఒమన్. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్‌కి పేరిచ్చింది మయన్మార్. వాతావరణ శాఖ రంగుల్ని కూడా పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఆకుపచ్చ అంటే హెచ్చరికేమీ లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే కదలండి. వాళ్ల పట్టికలోనూ ఆ రంగులే వేయమంటే సరి.

1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. అప్పట్లో హెచ్చరిక చాలా ఊళ్లకి చేరనేలేదు. ఆ తరవాత తీరం వెంట తుపాను షెల్టర్లు వచ్చాయి. మచిలీపట్నంలో, విశాఖలో రాడార్లు వచ్చాయి. రోజుల ముందే లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలిస్తున్నారు. గాలిని ఎవరూ ఆపలేదు, ముందుగా తెలుసుకోవడం మాత్రమే నేర్చుకున్నారు. ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గింది దానివల్లే. పిల్లలకి చెప్పాల్సిన కథ ఇదే. టార్చిలైటు, బిస్కెట్లు, మంచినీళ్లు సర్దేటప్పుడు వాళ్లకీ ఓ పని అప్పగించాలి. సంచిలో తమకిష్టమైన బొమ్మని తామే పెట్టుకున్న పిల్లలు చీకట్లో తక్కువ భయపడతారు.

ఎండ సంగతీ చిన్నది కాదు. 2015 వేసవిలో వడగాలులు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలకి పైగా ప్రాణాల్ని తీశాయి. దాహం వేయకముందే నీళ్లు తాగాలని, మూత్రం ముదురు పసుపులోకి మారితే ఒంట్లో నీళ్లు చాలడం లేదని, మిట్టమధ్యాహ్నం ఆటలొద్దని ఐదేళ్ల పిల్లలకి కూడా చెప్పొచ్చు. పట్టికలో నలభై డిగ్రీలు దాటిన రోజున ఎర్రరంగు వేసిన పిల్లలకి టోపీ పెట్టుకోమని మరొకరు గుర్తుచేయక్కర్లేదు.

ఏ వయసుకి ఎంత?

మూడు నాలుగేళ్లకి: పేర్లు చాలు. చినుకు, మబ్బు, మెరుపు, ఎండ. కిటికీ తీసి 'ఇవాళ ఏ చొక్కా వేసుకుందాం?' అని వాళ్లనే ఎంచుకోమనాలి. 'ఉరిమితే లోపలికి' అన్నది ఆటలా నేర్పాలి.

ఐదారేళ్లకి: కారణాలు. ఇడ్లీమూత, షర్బత్ గ్లాసు, తడి రుమాళ్లు. సాయంత్రం ఎండకి వీపు పెట్టి నిలబడి పైపుతో సన్నగా నీళ్లు చిమ్మితే పెరట్లోనే ఇంద్రధనుస్సు!

ఏడెనిమిదేళ్లకి: కొలతలు. వానమాపకం, థర్మామీటరు, పట్టిక. పేపర్లో వాతావరణ వార్త పైకి చదివించాలి. భారీ వర్షమంటే 7 నుంచి 11 సెంటీమీటర్లు, అతిభారీ అంటే 12 నుంచి 20, అత్యంత భారీ అంటే 21, ఆపైన. తమ సీసా లెక్కతో పోల్చుకోమనాలి.

అడిగితే ఏం చెప్పాలి?

'మబ్బు కింద పడదా?' - అందులోని నీటి తుంపరలు చాలా చిన్నవి. అవి కిందికి దిగేది చాలా నెమ్మదిగా. పైకి లేచే గాలి వాటిని మోస్తూనే ఉంటుంది. కలిసి బరువెక్కినవే వానగా పడతాయి.

'ఎండాకాలంలో మంచుగడ్డలా?' - కాగిన నేల మీదినుంచి గాలి చాలా వేగంగా పైకి లేస్తుంది. మబ్బులోని నీటిబొట్లని గడ్డకట్టేంత ఎత్తుకి తీసుకుపోతుంది. పొర మీద పొర పేరుకుని గాలి మోయలేనంత బరువైతే వడగళ్లు.

'వాన పడకముందే మట్టివాసనెందుకు?' - దగ్గర్లో ఎక్కడో అప్పటికే పడుతోంది. గాలి ఆ కబురు మోసుకొచ్చింది.

తెలియని ప్రశ్న ఎదురైతే 'నాకూ తెలీదు, ఇద్దరం కలిసి వెతుకుదాం' అనడం చిన్నతనం కాదు. అమ్మానాన్నలు కూడా నేర్చుకుంటారని తెలిస్తే పిల్లలు ఇంకో వంద ప్రశ్నలు అడుగుతారు.

అలా అడగనిస్తే మరుసటి వేసవికి ఆ ఇంట్లో దృశ్యం మారుతుంది. మళ్లీ మే నెల సాయంత్రం. టీవీ ముందు అమ్మ, వంటింట్లో అమ్మమ్మ. డాబా మీద రిబ్బను ఒక్కసారిగా దిశ మార్చుకుంది. పడమర మబ్బు పట్టింది. ఐదేళ్ల బుజ్జిగాడు ఆటని మధ్యలో ఆపేసి స్నేహితుల్ని వెంటబెట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

'అమ్మా... ఉరిమింది. మేమంతా లోపలికొచ్చేశాం. అమ్మమ్మా, నీ వడియాలు ఇందాకే తెచ్చేశాలే!'